కాలికి అందే బ్రేకు

నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. పాదం పొడవు 22 సెంటీమీటర్లు. చెప్పులంగడికి పోతే నాలుగో నంబరు అడుగుతాను. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. కాబట్టి నేను అందరిలో ఒకదాన్నే. మగవాళ్లలో కూడా ఈ ఎత్తువాళ్లు మన పక్క తక్కువేమీ కాదు. అయినా మోటార్ సైకిలు మాట వచ్చేసరికి మాలాంటివాళ్లకు అందరూ చెప్పేది ఒకటే: "నీకు కాళ్లందవు." ఆ మాట గురించే ఈరోజు మాట్లాడాలని వచ్చాను.

మాది రేణిగుంట. మా నాయన రైల్వేలో పనిచేసి రిటైరయినారు. ఆయన నడిపిన నూరు సీసీ బండి నాకొచ్చింది. ఏర్పేడు అవతల ఒక పల్లెబడిలో నేను టీచరుని. బడి చేరడానికి ఆఖరి మూడు కిలోమీటర్లు మట్టిబాట. స్కూటీ కొనుక్కోమని చాలామంది చెప్పారు. స్కూటరు మంచి బండే. కానీ వానాకాలంలో ఆ బాట మీద పది, పన్నెండంగుళాల చక్రం గుంతలో దిగబడే చోట పద్దెనిమిదంగుళాల చక్రం దాటిపోతుంది. పైగా ఇంట్లో ఒక బండి ఉండగా ఇంకోదానికి నెలనెలా కంతులు కట్టే స్థితి అప్పుడు మాకు లేదు. అందుకని ఆ బండే నేర్చుకున్నాను.

మా నాయన ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ఏళ్లతరబడి ఆయన కాలి కింద ఉన్న బండి అది. నేను సీటు మీద కూర్చుని కుడికాలు ఫుట్‌రెస్టు మీద పెడితే బ్రేక్ పెడల్ నా బొటనవేలి కంటే ఎత్తులో ఉండేది. తొక్కాలంటే పాదం మొత్తం లేపి, గాల్లో ముందుకు చాపి, పైనుంచి కిందికి దించాలి. ఎడమవైపు గేర్ రాడ్‌దీ అదే కథ. మా బండికి గేర్లన్నీ ముందుకాలితో తొక్కితే పడతాయి, తగ్గించాలంటే మడమతో వెనక కొనను తొక్కాలి. ముందు కొన అందితే వెనక కొన అందదు. మడమ అక్కడికి చేరాలంటే పాదాన్ని ఫుట్‌రెస్టు మీద వెనక్కి లాక్కోవాలి. ఇదంతా బండి తప్పని నాకు తోచలేదు. నా కాళ్ల తప్పనే అనుకున్నాను.

ప్రతిసారీ కాలు లేపడం కష్టమై, పాదాన్ని పెడల్ మీదే ఆనించి నడపడం అలవాటైంది. ఒక సాయంత్రం శ్రీకాళహస్తి రోడ్డులో, ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వస్తున్న ఒక పిల్లవాడు పక్కకొచ్చి అరిచాడు: "అక్కా, నీ బ్రేక్ లైటు ఆరనే ఆర్లేదు, ఏర్పేడు కాడి నుంచి చూస్తా ఉండా!" బండి ఆపి వెనక చక్రం మధ్యలో డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టబోతే సెగ కొట్టింది. లైనర్ కాలిన వాసన. పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతోందో అప్పుడు తెలిసింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఎప్పుడూ వెలిగే బ్రేక్ లైటుకు అర్థం లేదు. నేను నిజంగా బ్రేకు వేసిన క్షణం వెనకొచ్చే లారీవాడికి ఎలా తెలుస్తుంది?

ఆ రోజు నుంచి కాలు ఆనించడం మానేశాను. దాంతో ఇంకో కష్టం మొదలైంది. అవసరమైనప్పుడు పెడల్‌ని కాలితో వెతుక్కోవాల్సి వచ్చేది. నెల తిరక్కుండానే పాపానాయుడుపేట మలుపు దగ్గర ఒక దూడ అడ్డం వచ్చింది. కాలు లేపాను. చెప్పు ముందు కొన పెడల్ మీదికి పోకుండా కిందికి దూరింది. చేతిబ్రేకు ఒక్కటే గట్టిగా పట్టింది. అక్కడ రోడ్డు మీద ఇసుక. దూడకేమీ కాలేదు. నేను ముంజేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. వచ్చినవాళ్లంతా, ప్రేమతోనే, "ఆ బండి నీకెందుకమ్మా" అన్నారు.

ఆ బండిని బాగుచేయించడానికి తీసుకెళ్తే మా వీధి చివరి మెకానిక్ అన్న ముందు బండిని చూడలేదు, నన్ను చూశాడు. "టీచరమ్మా, డబుల్ స్టాండ్ ఏస్తా. ఎక్కి కూచో. కాలు ఎట్ల పడతాదో చూడాల" అన్నాడు. కూర్చున్నాను. నేల మీద గొంతుక్కూర్చుని నా పాదం వైపు చూస్తూ బ్రేకు తొక్కమన్నాడు, గేరు వెయ్యమన్నాడు, మడమతో తగ్గించమన్నాడు. తర్వాత అడిగాడు: "దినామూ ఈ చెప్పులేనా?" కాదు, బడికి పోయేటప్పుడు బూట్లు తొడుక్కుంటానని చెప్పాను. ఇంటికి పోయి అవి తొడుక్కుని రమ్మన్నాడు. అడుగు మందం మారితే కాలి కింద పెడల్ ఎత్తూ మారుతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆ తర్వాత జరిగింది అరగంట పని. అది ఎంత చిన్న పనో, ఎంత జాగ్రత్తగా చెయ్యాల్సిన పనో రెండూ చెబుతాను.

చాలా మోటార్ సైకిళ్లకు బ్రేక్ పెడల్ మొదట్లో ఒక చిన్న బోల్టు, దానికో లాక్ నట్టు ఉంటాయి. పెడల్ ఎంత ఎత్తులో ఆగాలో నిర్ణయించేది ఆ బోల్టే. మా బండిలో అది తుప్పు పట్టి, మట్టి పేరుకుని, ఉన్నట్టే కనిపించలేదు. అన్న దాని మీద నూనె పోసి కాసేపు నాననిచ్చి, లాక్ నట్టు వదులు చేసి, బోల్టును కొద్దికొద్దిగా తిప్పుతూ పెడల్‌ని దించాడు. ప్రతి తిప్పుకీ నన్ను కాలు పెట్టమన్నాడు. మడమ భాగం ఫుట్‌రెస్టు మీద ఆనుకుని ఉండగా, చీలమండ పైకి వంగకుండా, వేళ్లు పెడల్ మీద సన్నటి సందుతో నిలిచినప్పుడు ఆపాడు. కొన్ని బళ్లకు ఈ బోల్టు ఉండదు. మీ బండి సంగతి దానితో ఇచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది.

పెడల్ ఎత్తు మార్చగానే బ్రేకు పట్టే చోటు కూడా మారిపోతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎత్తు మార్చి, బండి వేసుకుని వెళ్లిపోతారు. డ్రమ్ము బ్రేకు బండికి వెనక చక్రం దగ్గర రాడ్డు చివర ఒక నట్టు ఉంటుంది. పెడల్ ఎంత దిగాక షూ డ్రమ్మును తాకాలో అక్కడ సరిచెయ్యాలి. మెకానిక్కులు దీన్ని ప్లే అంటారు. మామూలు చిన్న బళ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే అంగుళం అటూ ఇటూ. ప్లే మరీ తక్కువైతే కాలు పెట్టకపోయినా షూ రాసుకుంటుంది. ఎక్కువైతే పెడల్ అడుగంటినా బండి ఆగదు. సరిచేశాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి, స్వేచ్ఛగా తిరగాలి. ఆ తర్వాత బ్రేక్ లైటు స్విచ్చి. బ్రేకు పట్టబోయే ముందే లైటు వెలగాలి. స్విచ్చిని కదలకుండా పట్టుకుని దాని నట్టునే తిప్పాలి, స్విచ్చినే తిప్పేస్తే లోపల వైరు మెలిపడి తెగుతుంది. ముందు ఎత్తు, తర్వాత ప్లే, ఆఖరున లైటు. ఈ వరస తప్పితే చేసిన పని మళ్లీ చెయ్యాలి.

వెనక డిస్క్ బ్రేకు ఉంటే ఆ పని సొంతంగా చెయ్యకండి. అక్కడ రాడ్డు పోయి నూనె సిలిండర్‌ని నొక్కుతుంది. దానికి రవంత సందు వదలకపోతే, బండి వేడెక్కేకొద్దీ ఒత్తిడి పెరిగి బ్రేకు తనంతట తానే బిగుసుకుంటుంది. ఇంకో మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బళ్లకు, ఏబీఎస్ లేకపోతే, సీబీఎస్ అనే జంట బ్రేకు తప్పనిసరి అయింది. చాలా మోటార్ సైకిళ్లలో ఆ పద్ధతిలో కాలిబ్రేకు తొక్కితే వెనకతోపాటు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అంటే పెడల్‌ని ముట్టుకుంటే రెండు చక్రాల సంగతీ చూసుకోవాలి. మా నాయన బండి పాతది కాబట్టి మాకు ఆ చిక్కు రాలేదు. మీది కొత్తదైతే ఆ పద్ధతి తెలిసినవాళ్ల చేతే చేయించండి.

ఇక గేర్ రాడ్. ఇంజన్లోంచి బయటికొచ్చే ఇరుసు చివర సన్నటి పళ్లుంటాయి. రాడ్డు లోపల కూడా అలాంటి పళ్లే. రెండూ ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, ఒక బోల్టు వాటిని బిగించి పట్టుకుంటుంది. చాలా బళ్లకు అది పదో నంబరు స్పానర్ పని. బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా తీసెయ్యాలి, ఎందుకంటే అది ఇరుసు మీది గాడిలో కూర్చుని ఉంటుంది. బలవంతాన లాగితే గాడి పాడవుతుంది. రాడ్డు బయటికి తీసి, ఒక్క పన్ను జరిపి మళ్లీ ఎక్కించాలి. ఒక్క పన్నే అయినా కాలివేలి దగ్గరికొచ్చేసరికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

మడమతో కూడా తొక్కే రాడ్డు తక్కెడ లాంటిది. ముందు కొన దించితే వెనక కొన లేస్తుంది. అందుకే అన్న నన్ను ఒక ప్రశ్న అడిగాడు: "గేరు ఎయ్యడం కష్టంగా ఉందా, దించడం కష్టంగా ఉందా?" దించడమే అన్నాను. ముందు కొన కిందికి, వెనక కొన పైకి వచ్చేట్టు ఒక పన్ను జరిపాడు. ఇప్పుడు మడమ కొద్దిగా వెనక్కి వాల్చితే చాలు. ఇంకో పన్ను జరిపి చూస్తే ముందు కొన మరీ కిందికి పోయింది, మళ్లీ మొదటి చోటికే తెచ్చాడు. నాలుగు గేర్లూ వేసి, తీసి, న్యూట్రల్ చూసి, రాడ్డు ఫుట్‌రెస్టుకు గానీ ఇంజన్‌కు గానీ తగలడం లేదని చూశాకే బోల్టు బిగించాడు.

కొన్ని పెద్ద బళ్లలో గేర్ రాడ్‌కూ ఇరుసుకూ మధ్య సన్నటి కడ్డీ ఉంటుంది. రెండు చివరలా లాక్ నట్లుంటాయి, ఆ కడ్డీ తిప్పితే ఎత్తు మారుతుంది. చాలావాటికి ఒకవైపు మర ఎదురుదిక్కులో ఉంటుంది. అది తెలియక బలంగా తిప్పి నట్టు గుండ్రంగా అరగదీసినవాళ్లను చూశాను.

ఈ గేరు తగ్గించే సంగతి మీద ఇంత పట్టుపట్టడానికి కారణం మన ఊళ్లే. తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ 1944లో వేసిన పాత దారి, అన్నీ మలుపులే. అక్కడ బండిని అదుపులో ఉంచేది ముందుగా ఇంజనే. గేరు తగ్గిస్తే ఇంజన్ పట్టి ఉంచుతుంది. మడమ అందనివాళ్లు ఏం చేస్తారు? టాప్ గేరులోనే దిగుతారు, కొండ పొడుగునా కాలిబ్రేకు తొక్కుతారు. డ్రమ్ము వేడెక్కేకొద్దీ బ్రేకు పట్టు జారిపోతుంది. బ్రేకు ఫెయిలైందంటాం. ఆ గేరు అసలు కాలికి అందిందా అని ఎవరమూ అడగం.

కాళ్లతో నడిపే ఈ మీటలు ఎక్కడుండాలో ఏ దేవుడూ రాసిపెట్టలేదు. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ బుల్లెట్టుకు దశాబ్దాలపాటు గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండేవి. మన పెద్దవాళ్లు చాలామంది అలాగే నేర్చుకున్నారు. 1970ల మధ్యలో అమెరికా తన దేశంలో అమ్మే బళ్లన్నిటికీ గేరు ఎడమవైపే ఉండాలని నియమం పెట్టాక, ప్రపంచమంతా మెల్లగా అటు తిరిగింది. అంటే మనుషులు పెట్టుకున్న చోట్లే ఇవి. ఆస్ట్రేలియా రేసర్ మిక్ డూహన్‌కు 1992లో నెదర్లాండ్స్‌లోని అసెన్ దగ్గర పడి కుడికాలు దారుణంగా దెబ్బతింది. కాలితో వెనక బ్రేకు తొక్కలేని స్థితి. అతని జట్టు ఆ బ్రేకును ఎడమ చేతి బొటనవేలి కిందికి మార్చింది. 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదుసార్లు అతను ప్రపంచ చాంపియన్ అయ్యాడు. స్పెయిన్ రేసర్ డానీ పెద్రోసా ఎత్తు దాదాపు 160 సెంటీమీటర్లు. చిన్న తరగతుల్లో మూడు ప్రపంచ టైటిళ్లు, మోటోజీపీలో 31 గెలుపులు అతనివి. అంత పెద్ద రేసుల్లో బండిని మనిషికి అమర్చకుండా ట్రాక్ మీదికి పంపరు. రోజూ పిల్లల్ని ఎక్కించుకుని రోడ్డు మీద పోయే మనకు ఆ శ్రద్ధ ఇంకా ఎక్కువ కావాలి.

మన తెలుగువాళ్లలో హైదరాబాదుకు చెందిన జయభారతి పేరు మీరు విని ఉంటారు. 2018లో ఆమె, మరో ముగ్గురు మహిళలు మోటార్ సైకిళ్ల మీద మెకాంగ్ నది దేశాల దాకా వెళ్లొచ్చారు. ఆ తర్వాత ఆమె ఆడవాళ్లకు బండి నేర్పే పని పెట్టుకున్నారు. ఊరూరా అలాంటి శిక్షణ రావాలని నా కోరిక. వచ్చినప్పుడు మొదటి పాఠం క్లచ్చి కాకూడదు. బండిని కాలికి అమర్చుకోవడం కావాలి.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. రాడ్డును వేడిచేసి వంచకండి, అల్యూమినియం పోతపని అయితే కంటికి కనిపించని పగులొస్తుంది, ఒకనాడు కాలి కింద విరుగుతుంది. పెడల్ మీద ఇనుప ముక్క వెల్డింగ్ చేయించకండి. చెప్పు రబ్బరు కోసి తీగతో కట్టడం మన పక్క చాలా చూస్తాం. అది జారిన రోజు ఎవరూ పక్కన ఉండరు. సీటు స్పాంజి కోయించుకుని కూర్చునే ఎత్తు తగ్గించుకునేవాళ్లు కూడా ఉన్నారు. అది తప్పని అనను, కానీ అలా చేశాక కాలి కోణం మారుతుంది, పెడల్ మళ్లీ సరిచూసుకోవాలి. ఒకసారి పడిన బండికి ఫుట్‌రెస్టు కడ్డీ వంగి ఉండవచ్చు. మా బండికి కుడివైపు రెండు వేళ్ల మందం వెనక్కి వంగి ఉంది. దాన్ని మార్చకుండా పెడల్‌ని ఎంత సరిచేసినా ఫలితం ఉండేది కాదు.

చట్టం సంగతి కొందరు అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. కంపెనీయే పెట్టిన బోల్టును, కంపెనీ చెప్పిన మేరకు తిప్పుకోవడం ఆ మార్పు కిందికి రాదు. సరిచేసుకోవడానికే వాళ్లు దాన్ని పెట్టారు.

కాళ్లు రెండూ నేలకు ఆనకపోతే బండి నడపకూడదన్నది కూడా నిజం కాదు. ఆగేటప్పుడు ఎడమకాలు ఒక్కటి ఆనితే చాలు, నడుం కొద్దిగా ఎడమకు జరుపుకోవచ్చు. కుడికాలు మాత్రం బ్రేకు మీద నుంచి కదలకూడదు. పెడల్ ఎత్తుగా ఉన్నప్పుడు నేను అలా జరిగితే కుడికాలు ఊడి వచ్చేది. దించాక, పాదం ఫుట్‌రెస్టు మీదే ఉండి వేళ్లతో నొక్కగలుగుతున్నాను. రైల్వే వంతెన ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా నిలబెట్టేది ఆ వేళ్లే.

మన రేణిగుంట ఇప్పుడు పాత రేణిగుంట కాదు. కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నాయి. చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. మన జిల్లాలోనే సత్యవేడు మండలంలో మోటార్ సైకిళ్ల ఫ్యాక్టరీ ఉంది. తెల్లవారుజామున చీకట్లో అన్న బండి, నాయన బండి వేసుకుని బయల్దేరే పిల్లలు రోజురోజుకూ పెరుగుతున్నారు. ఆ బళ్లు వాళ్ల కాళ్లకు అమర్చినవి కావు.

అందుకే మెకానిక్ అన్నలకు ఒక విన్నపం. సర్వీసుకు బండి వచ్చినప్పుడు, నడిపే మనిషిని ఒక్కసారి కూర్చోబెట్టి చూడండి. షోరూముల్లో బండి తాళం చేతికిచ్చే ముందు కూడా ఈ పని చెయ్యండి, అద్దాలు సరిచేసినట్టే పెడల్ సరిచెయ్యండి.

వినేవాళ్లకు నేను చెప్పేది ఇదే. వచ్చే ఆదివారం బండిని చదునైన చోట డబుల్ స్టాండ్ వేసి, రోజూ తొడుక్కునే చెప్పులతోనే ఎక్కి కూర్చోండి. కళ్లు మూసుకుని కుడికాలు బ్రేకు మీద పెట్టండి, ఎడమకాలితో గేరు అందుకోండి. ఏ ఒక్కటైనా వెతుక్కోవాల్సి వస్తే, సోమవారం పనికి పోయేముందు మెకానిక్ దగ్గరికి పోండి. సరిచేయించాక ఖాళీ మైదానంలో మెల్లగా పదిసార్లు ఆపి చూసుకుని, అప్పుడే రోడ్డెక్కండి.